ట్యాంకు కింద గ్రూపు ఫోటో

దూరం అనేది ప్రకృతి చేసిన పొరపాటు. దాన్ని సరిదిద్దే బాధ్యత ఆ మధ్య ఓ ఆదివారం నుంచి నా మెడకు చుట్టుకుంది. ఎందుకంటే ఆ రోజే నేను మేలురకం బుల్లి జూమ్ కెమెరా కొన్నాను!

అది చొక్కా జేబులో పట్టేస్తుంది. అదే దాని గొప్పదనమని షాపువాడు పదేపదే చెప్పాడు. వాడికేం తెలుసు? అంత పెట్టి కొన్న వస్తువు జేబులో దాక్కుంటే, నా దగ్గర ఉందని లోకానికి ఎలా తెలుస్తుంది? అందుకని పొడవాటి పట్టీ విడిగా కొని, మెడలో వేలాడదీసుకుని ఇంటికొచ్చాను.

"అగ్గిపెట్టెంత ఉంది. దీనికా అంత తగలేశారు?" అంది మా ఆవిడ.

"చిన్నదని చులకన చెయ్యకు. దీని పనితనం చూడు" అని మీట నొక్కాను. తాబేలు తల బయటపెట్టినట్టు లెన్సు ముందుకొచ్చింది. మా ఆవిడ దాన్ని లాక్కుని, ఎదురింటి కిటికీ వైపు తిప్పి, ఊపిరి బిగబట్టి చాలాసేపు చూసింది.

"కొత్త కర్టెన్లని ఎన్ని కోతలు కోసిందండీ ఆవిడ! పాత దుప్పట్లు కత్తిరించి కుట్టించింది!" అంది. ఆ తరవాత మా ఇంట్లో కెమెరా ధర గురించి ఎవరూ మాట్లాడలేదు.

దూరపు కొండలు నునుపన్నారు పెద్దలు. పాపం, వాళ్ళకి జూమ్ లేదు.

నేను నీటి సరఫరా ఆఫీసులో గుమాస్తాను. మా ఇంజినీరుగారిని అందరం చాటుగా భేషుగ్గా సారు అంటాం. ఏది చూపించినా "భేషుగ్గా ఉంది" అంటారు. చూపించకపోయినా అంటారు. సోమవారం నా మెడలో కెమెరా చూసి పిలిచారు.

"ఇందులో దూరంగా ఉన్నది దగ్గరగా కనిపిస్తుందా?"

"చేత్తో తాకేంత దగ్గరగా సార్!"

ఆయన మొహం చాటంతయింది. ఆ వారమే పెద్ద నీళ్ళ ట్యాంకు తనిఖీ ఉంది. అధికారి దాన్ని "దగ్గరగా పరిశీలించాలి" అని నిబంధన. దగ్గరకు వెళ్ళమని మాత్రం ఎక్కడా లేదట!

ఆ ట్యాంకు సంగతి చెప్పాలి. పెచ్చులూడి, లోపలి ఇనపకడ్డీలు డొక్కల్లా బయటపడ్డాయి. సరిగ్గా దాని కింద రెండు గదుల క్వార్టరు. వాల్వులు తిప్పే ఆపరేటరు పెళ్ళాంపిల్లలతో అందులో ఉంటాడు. మైదానానికి అవతలి చివర పైపులు పెట్టుకునే షెడ్డు ఒకటి ఖాళీగా ఉంది. అందులోకి మారనివ్వమని ఆ మనిషి తిరగని రోజు లేదు.

"మొన్న మధ్యాహ్నం పెచ్చు ఊడి చంటిదాని మంచం పక్కనే పడింది సార్. కాస్తలో తప్పింది" అన్నాడు చేతులు నలుపుకుంటూ.

"నువ్వు షెడ్డులోకి మారితే ట్యాంకు బాగాలేదని నేను ఒప్పుకున్నట్టవుతుంది. అది బాగాలేకపోతే పోయినేడు భేషుగ్గా ఉందని రాసిందెవరు? నేను! అంటే నా మీద నేనే చర్య తీసుకోవాలా? నీకు ధర్మంగా ఉందా?" అన్నారు ఇంజినీరుగారు, కళ్ళనీళ్ళ పర్యంతమై.

ఆపరేటరు మీద నాకు జాలేసింది. జాలికి పైఅధికారి అనుమతి అక్కర్లేదు కాబట్టి వెంటనే వేసింది.

తనిఖీ రోజున జీపు గేటు దగ్గరే ఆగింది. ఇంజినీరుగారు దిగలేదు. నేను కిటికీలోంచి కెమెరా బయటపెట్టి జూమ్ చేశాను. అబ్బ, ఏం లెన్సండీ! పగుళ్ళు, తుప్పు, ఊడటానికి సిద్ధంగా ఉన్న పెచ్చు, అన్నీ అద్దంలో చూసినట్టున్నాయి.

"సార్, పెద్ద పగులుంది. కడ్డీలు కూడా తేలాయి."

"మనం ట్యాంకుకి ఎంత దూరంలో ఉన్నామయ్యా?"

"చాలా దూరం సార్."

"మరి ఇంత దూరం నుంచి చూసి ఒకదాని మీద నింద వేస్తావా? దగ్గరకు వెళ్ళి చూస్తేగానీ ఏదీ నమ్మకూడదు!"

"అయితే వెళ్దామా సార్?"

"ఎందుకూ? జూమ్ ఉందిగా!"

ఆ విధంగా ట్యాంకును దగ్గరగా పరిశీలించి, భేషుగ్గా ఉందని రాసి, టీ తాగడానికి వెళ్ళాం.

పైఆఫీసువాళ్ళకి ఎందుకు అనుమానమొచ్చిందో గానీ, తనిఖీ చేసిన అధికారులు ట్యాంకు కింద నిలబడి దిగిన ఫోటో పంపమన్నారు. గ్రూపు ఫోటో అనగానే ఆఫీసంతా తలలు దువ్వుకుంది. ఎక్కడ నిలబడాలో తెలిశాక సగంమందికి జ్వరాలొచ్చాయి. మిగిలినవాళ్ళని మైదానంలోకి తీసుకెళ్ళాను.

"ట్యాంకు కిందికి పదండి సార్" అన్నాను.

"నాకు ఎండ పడదయ్యా."

"అక్కడ నీడేగా సార్."

"నీడ అసలే పడదు!"

ఒక్కొక్కరే వెనక్కి వెనక్కి జరిగి, చివరికి అవతలున్న పైపుల షెడ్డు పక్కకి చేరితే గానీ ఆగలేదు. "నీ కెమెరా అంత గొప్పదన్నావుగా? ట్యాంకునే మా దగ్గరకు లాగు!" అన్నారు ఇంజినీరుగారు అక్కడి నుంచే.

నాకు పౌరుషం పొడుచుకొచ్చింది. వాళ్ళని ట్యాంకుకి వీపు పెట్టి నిలబడమని, ఆ వైపే ఉన్న గేటు దాటి, రోడ్డు దాటి, సైకిల్ షాపు మెట్లెక్కి, జూమ్ మొత్తం లాగాను. అద్భుతం! దూరం నుంచి లాగితే ముందున్నదీ వెనకున్నదీ ఒకదానికొకటి అతుక్కుపోతాయి. మైదానం మాయమైంది. ట్యాంకు అమాంతం వచ్చి వాళ్ళ వెనకే నిలబడింది. ఇంజినీరుగారు స్తంభానికి వీపు ఆనించి నవ్వుతున్నట్టే ఉంది!

పైఆఫీసు నుంచి మెచ్చుకోలు వచ్చింది. ఫోటోని పెద్దది చేయించి, ఇంజినీరుగారి గదిలో గోడకి తగిలించారు. వచ్చినవాళ్ళందరూ ఆయన ధైర్యాన్ని పొగిడారు. నేను మాత్రం లెన్సుని పొగిడాను.

ఆ సంబరంలో ఉండగానే ఆపరేటరు మళ్ళీ వచ్చాడు. ఈసారి పెళ్ళాన్ని తీసుకొచ్చాడు. ఆవిడ చేతిలో అరచేతి మందాన సిమెంటు పెచ్చు ఉంది. దాన్ని తెచ్చి ఇంజినీరుగారి బల్ల మీద పెట్టింది.

"పొద్దున ఇది పొయ్యి మీద పడిందండి. అప్పుడే పిల్లని ఎత్తుకుని ఇవతలికొచ్చా. ఒక్క అడుగు ఆలస్యమైతే ఇద్దరం ఉండేవాళ్ళం కాదు" అంది.

"భయపడకమ్మా. ట్యాంకు భేషుగ్గా ఉంది. అదిగో, దాని కిందే నిలబడ్డాంగా మేమందరం" అన్నారు ఇంజినీరుగారు గోడ చూపించి.

ఆవిడ ఫోటో దగ్గరకు వెళ్ళి చూసింది. "అదేంటండీ! ఆ రోజు నేను మా గుమ్మంలోనే ఉన్నాగా? మీరంతా షెడ్డు దగ్గర నిలబడ్డారు కదా?"

నేను ఊరుకోవాల్సింది. కానీ కెమెరా గురించి ఎవరైనా అడిగితే నా నోరు నా మాట వినదు.

"అదేనమ్మా దీని మహిమ! షెడ్డు దగ్గరున్నవాళ్ళు కూడా ట్యాంకు కిందే ఉన్నట్టు పడతారు. అన్ని కెమెరాలకీ చేతకాదు!" అన్నాను మెడలో ఉన్నది నిమురుకుంటూ. ఇంజినీరుగారు నన్ను పచ్చిగా నమిలేలా చూశారు.

ఆవిడ మొహం విప్పారింది. "అయితే మమ్మల్ని కూడా షెడ్డులో పెట్టి, ఈ బాబుగారి చేత ఫోటో తీయించండి. ఫోటోలో మేం ట్యాంకు కిందే కాపురం చేస్తుంటాం. మీ మాటా పోదు, మా పిల్లా దక్కుతుంది."

"ఛీ ఛీ! దొంగ ఫోటోతో ప్రభుత్వాన్ని మోసం చెయ్యమంటావా? నా సర్వీసులో అలాంటి పాడుపని ఎరగను!" అని బల్ల గుద్దారు ఇంజినీరుగారు. సిమెంటు పెచ్చు ఎగిరి పడింది.

"వద్దులెండి మరి" అంది ఆవిడ నెమ్మదిగా. "మీరే అమ్మగారినీ పిల్లల్నీ తీసుకుని మా ఇంటికి రండి. ఒక్క పూట మా వంటింట్లో కూర్చుని భోంచెయ్యండి. ఆ ఫోటో దగ్గర నుంచే తీయొచ్చు. జూమ్ అక్కర్లేదు."

ఇంజినీరుగారు నోరు తెరిచారు. భేషుగ్గా అనబోయి మింగేసినట్టున్నారు. బల్ల మీది పెచ్చు వైపు చూశారు, జేబురుమాలు తీసి మెడ తుడుచుకున్నారు, ఆఖరికి నా మీద విరుచుకుపడ్డారు.

"ఏమయ్యా, అలా గుడ్లప్పగించి నిలబడ్డావేం? వీళ్ళ సామాను షెడ్డులో పడగానే ఫోటో తియ్యాలి. కెమెరాలో ఛార్జింగు ఉందా లేదా?"