అత్తగారు మాట్లాడితేనే ఇంటర్నెట్

పాత టెలిఫోను తీగల మీదుగానే ఇంటింటికీ మెరుపువేగపు ఇంటర్నెట్ అందజేయబడునని టెలిఫోను సంస్థవారు సగర్వంగా ప్రకటించారు. మెరుపుకున్న సుగుణాలన్నీ అందులో ఉన్నాయని ప్రజలకు త్వరలోనే తెలిసివచ్చింది. ఎప్పుడొస్తుందో తెలియదు. వచ్చిందని తలెత్తి చూసేలోపు పోతుంది.

మొదటి విడతలోనే కనెక్షన్ దక్కిన అదృష్టవంతుల్లో ఆ మేడమీది కుటుంబం ఒకటి. ఆ ఇంట్లో కొడుకు మందుల గోదాములో లెక్కలు చూస్తాడు. కోడలు ఇంట్లోనే కూర్చుని ఇళ్ల ప్లాన్లు గీస్తుంది. అత్తగారు ఫోన్లో మాట్లాడతారు. ముగ్గురిలోనూ సెలవు పెట్టకుండా పనిచేసేది ఆవిడొక్కరే.

ఆవిడ మాట్లాడేది చెల్లెలితో. చెల్లెలు ఊరికి ఆ చివర ఉంటుంది. రోజూ ఇద్దరూ లోకంలోని వ్యవహారాలన్నీ విచారించి తీర్పులిస్తారు. "అమ్మా, ఇక ఫోన్ పెట్టెయ్యవే" అనేవాడు కొడుకు. పెళ్లయ్యాక అతను తల్లితో క్రమం తప్పకుండా అన్న ఏకైక వాక్యం అదే.

ఫోను పక్కన దీపాల డబ్బా ఒకటి బిగించారు. దీపాలన్నీ పచ్చగా వెలిగాయి, ఇంటర్నెట్ దీపం తప్ప. అదొక్కటీ ఎర్రగా గుడ్లురిమి చూసేది. కోడలు ఫిర్యాదు చేస్తే లైన్‌మన్ వచ్చాడు. డబ్బాను ఆప్యాయంగా తట్టి, ఆ ఇంటి ఫోనే ఎత్తి ఆఫీసుకి మాట్లాడాడు. మాట్లాడుతుండగానే ఎర్రదీపం పచ్చబడింది. "చూశారా? బంగారంలా ఉంది" అని ఫోను పెట్టేసి వెళ్లాడు. అతను మెట్లు దిగకముందే దీపం మళ్లీ ఎర్రబడింది. ఈ మరమ్మతు ఇలాగే చాలాసార్లు విజయవంతంగా జరిగింది. సమస్యలు అత్యధికంగా పరిష్కరించబడిన ఇల్లుగా సంస్థ లెక్కల్లో ఆ ఇల్లు ప్రథమస్థానం సంపాదించింది.

మాటలు అడ్డొస్తాయేమోనని కోడలు కంప్యూటర్ తెరిచినప్పుడల్లా అత్తగారిచేత ఫోను పెట్టించేసేవారు. ఒక మధ్యాహ్నం మాత్రం అత్తగారు చెల్లెలితో మంచి రసపట్టులో ఉండగా లోపలినుంచి కేక వినిపించింది.

"అత్తయ్యా! వచ్చింది! ఏం చేశారు?"

"నేనేం ముట్టుకోలేదమ్మా, మాట్లాడుతున్నానంతే!" అని అత్తగారు హడలిపోయి ఫోను పెట్టేశారు. ఇంటర్నెట్ పోయింది. మళ్లీ కలిపారు. వచ్చింది.

రిసీవర్ ఊరికే తీసి పక్కన పెట్టి చూశారు. కాసేపు కుయ్యోమని అరిచి లైను మూగబోయింది. అవతల మనిషుండాలి, ఇవతల మాట నడవాలి. కోడలు ఆఫీసుకు వెళ్లి అధికారిని నిలదీసింది. ఆయన కళ్లజోడు తుడుచుకుని ఉపన్యాస ధోరణిలో సెలవిచ్చారు.

"తీగలో ఎక్కడో అతుకు వదులైంది మేడమ్. ఫోన్ మాట్లాడుతుంటే కరెంటు పారి, అది సర్దుకుంటుంది. దీన్ని లోపమనడం తొందరపాటు. మాట, సమాచారం జంటగా సాగాలన్నదే మా సంస్థ ఆశయం. ఆ ఆశయం ఇంతగా పండిన ఇల్లు ఇంకోటి లేదు. మీకు నా అభినందనలు."

ఆ రోజునుంచి అత్తగారి దశ తిరిగింది. ఫోను దగ్గరకు వాలుకుర్చీ వచ్చింది. నడుముకి దిండు వచ్చింది. గొంతెండితే గోరువెచ్చని నీళ్లు వచ్చాయి. సాయంత్రం మ్యాచ్ చూడాలనిపిస్తే కొడుకు చేతులు నలుపుకుంటూ వచ్చేవాడు. "అమ్మా, పిన్నితో మాట్లాడి చాలాసేపైనట్టుందే? పాపం, ఏమనుకుంటుందో." పక్కింటావిడ పిల్లల్ని వెంటబెట్టుకొచ్చేది. "మావాడి పరీక్ష ఫలితాలొచ్చాయట పిన్నిగారూ, రెండు ముక్కలు మాట్లాడి పెట్టరూ?" అత్తగారు కాదనేవారు కాదు. చుట్టాల కబుర్లు అయిపోయాయి, వాళ్ల చుట్టాలవీ అయిపోయాయి. చివరికి అక్కాచెల్లెళ్లు ఎన్నడూ చూడని మనుషుల మీద కూడా నిష్పక్షపాతంగా చాడీలు చెప్పుకోవలసి వచ్చింది.

అలాంటి రోజుల్లో కోడలికి పెద్ద అవకాశం తగిలింది. ఒక బడి కట్టబోతున్నారు. ప్లాను గీసినవాళ్లు కమిటీవారికి కంప్యూటర్లోనే ముఖాముఖి వివరించాలి. "గంటసేపు అత్తయ్యా. ఏదైనా మాట్లాడండి, ఆపకండి" అంది కోడలు. ఇళ్లకు మరుగుదొడ్లు ఎటు ఉండాలో చెప్పి చెప్పి విసిగిపోయిన పిల్ల, మొదటిసారి ఒక బడి గీసింది. అత్తగారు గొంతు సవరించుకుని రంగంలోకి దిగారు.

చెల్లెలు ఆవేళ విచిత్రమైన ఉత్సాహంలో ఉంది.

"అక్కా, చిన్నప్పుడు ఎవరు బాగా పాడేవాళ్లే? నువ్వా, నేనా?"

"ఇంకా అనుమానమా? నేనే."

"అయితే ఫోన్ పెట్టేస్తున్నా."

అత్తగారు వాలుకుర్చీలోంచే కోడలి గదిలోకి చూశారు. తెరమీద కమిటీవారి తలకాయలు. "ఇక్కడ వరండా ఎందుకు పెంచానంటే, వానొచ్చినా పిల్లలు ఆడుకోవాలి..." కోడలి గొంతు ఇప్పుడిప్పుడే నిలదొక్కుకుంటోంది.

"ఉండవే! నువ్వే. నువ్వే బాగా పాడేదానివి."

"మీ ఇంట్లో గాలి బాగా వస్తుందా, మా ఇంట్లోనా?"

"మీ ఇంట్లోనేనే తల్లీ."

"అందం?"

అత్తగారు కళ్లు మూసుకున్నారు. అందంలో తనకు సాటి లేదని అద్దం మీద ఒట్టేసుకున్న మనిషి. "నువ్వే" అన్నారు పళ్లబిగువున. అలా ఆ గంటలో ఆవిడ పాట వదులుకున్నారు, రూపం వదులుకున్నారు, చేతివంట వదులుకున్నారు. తాను ముందు పుట్టడం కేవలం పొరపాటున జరిగిందని కూడా ఒప్పుకున్నారు. దీపం మాత్రం చెక్కుచెదరలేదు.

కోడలు గదిలోంచి పరుగెత్తుకొచ్చి ఆవిడ మెడ వాటేసుకుంది. "ఒప్పుకున్నారత్తయ్యా! బడి నాదే!"

అత్తగారు రిసీవర్లోకి గర్జించారు. "ఇప్పుడు వినవే. ఇందాకటినుంచి నేనన్నవన్నీ పచ్చి అబద్ధాలు!"

అవతల చెల్లెలు పగలబడి నవ్వింది. "తెలుసులేవే. నీ కోడలు నిన్ననే నా దగ్గరికొచ్చి, ఏమైనా సరే పెట్టెయ్యకండి పిన్నిగారూ అని బతిమాలింది. నేనెట్లాగూ పెట్టేదాన్ని కాదు. కానీ నీ నోట పొగిడించుకునే రోజు నాకు మళ్లీ వస్తుందా?"

ఇది విని అత్తగారు కాసేపు ఉడుక్కుని, తర్వాత చెల్లెలికంటే గట్టిగా నవ్వారు.

ఆ కబురు ఊరంతా పాకడంతో సంస్థవారు సిగ్గుపడి అతుకు బిగించారు. అధికారి స్వయంగా పూలగుత్తితో విచ్చేశారు. "అమ్మగారూ, శుభవార్త! ఇకమీదట మీరు మాట్లాడవలసిన అవసరమే లేదు" అని ప్రకటించారు. ఇంటిల్లిపాదీ చప్పట్లు కొట్టారు. వాలుకుర్చీ వసారాలోకి వెళ్లింది. సాయంత్రం ఆవిడ ఫోను ఎత్తగానే లోపలినుంచి కొడుకు, "అమ్మా, కాస్త మెల్లగా. మ్యాచ్ వినపడట్లేదు" అన్నాడు.

తర్వాత టెలిఫోను ఆఫీసుకు కొత్తరకం అర్జీలు రాసాగాయి. ఒకటి ఆ మేడమీదినుంచి, ఒకటి ఊరి ఆ చివరినుంచి, తక్కినవి అన్ని వీధులనుంచీ. అన్నీ పెద్దవాళ్ల దస్తూరీలే. "అయ్యా, మా ఇంట్లో ఇంటర్నెట్ బాగా పనిచేయుచున్నది. దయచేసి తగు చర్య తీసుకోగలరు." సంస్థవారు ఏ ఒక్క అర్జీనీ తిరస్కరించలేదని వినికిడి.

కాబట్టి ఈమధ్య మీ ఇంటి లైను మాటిమాటికీ తెగిపోతుంటే సంస్థను తిట్టకండి. ఒకసారి పక్కగదిలోకి తొంగి చూడండి.