క్వేకర్స్ హిల్‌లో ఒక్కటే సీటు

సుబ్బరాజుకి జీవితంలో మిగిలిన కోరిక ఒక్కటే. ఏడూ పన్నెండు రైల్లో కిటికీ పక్క సీటు. క్వేకర్స్ హిల్‌లో ఎక్కి, తల అద్దానికి ఆనించి, సిడ్నీ నడిబొడ్డు వచ్చేదాకా నిద్రపోవాలి. రెండు వేల సంవత్సరం వస్తే తమ కంప్యూటర్లన్నీ పంతొమ్మిది వందల సంవత్సరంలోకి దొర్లిపోతాయని వణికిపోతున్న ఓ బ్యాంకులో అతని ఉద్యోగం. ఎవరో ఎప్పుడో రాసిన ప్రోగ్రాముల్లో రెండంకెల సంవత్సరాలను వెతికి పట్టుకుని నాలుగంకెలు చేయాలి. పద్నాలుగు నెలలుగా అదే పని. ఈ మధ్య కలలు కూడా అంకెల్లోనే వస్తున్నాయి.

అది 1999 ఫిబ్రవరి, మంగళవారం. ఏడు కొట్టడానికి ఇంకా పది నిమిషాలుంది. కూతురి స్కూలు బ్యాగులో టిఫిన్ డబ్బా సర్దుతున్న జ్ఞానప్రసూనకి అడుగున, చితికిన అరటిపండుకి అంటుకుపోయిన కాగితం ఒకటి దొరికింది.

"ఏవండీ, స్కూలువాళ్లు పంపిన నోటండీ. పది రోజుల కిందటిది."

"ఇలా ఇవ్వు, రైల్లో చదువుతాను."

"రైల్లో మీరు చదవడమా! ఇక్కడే నిలబడి చదవండి."

నిలబడి మొదలుపెట్టినవాడు సగంలో కూర్చున్నాడు. స్కూల్లో పిల్లల సంఖ్య తగ్గిందట. వచ్చే వారం శుక్రవారం ప్రభుత్వం తలలు లెక్కపెడుతుందట. ముగ్గురు తక్కువైనా ఒక టీచర్‌ని తీసేసి, రెండు క్లాసులు కలిపేస్తారట. అందరికన్నా ఆఖర్న చేరిన టీచరే ముందు వెళ్లాలి. ఆఖర్న చేరింది మిస్ కెల్లీ.

ఏడూ పన్నెండు రైలు అతను లేకుండానే వెళ్లిపోయింది.

ఏడేళ్ల అమూల్య ఇంట్లో వాగుడుకాయ. స్కూల్లో మాత్రం మొదటి ఏడాదిన్నర ఒక్క మాట మాట్లాడలేదు. నీళ్లు కావాలన్నా అడగలేదు. డాక్టర్లయ్యారు, మొక్కులయ్యాయి. నిరుడు సగంలో మిస్ కెల్లీ వచ్చింది. గాజు పెట్టెలో నీలం నాలుక బల్లినొకదాన్ని తెచ్చి, దాని పేరు బిస్కెట్ అని చెప్పి, "ఇది ఒంటరిగా ఉంటే బెంగపడుతుంది, రోజూ కాసేపు దీనితో మాట్లాడి పెడతావా?" అని అమూల్యని అడిగింది. మూడు వారాలు బల్లితో గుసగుసలాడిన పిల్ల, నాలుగో వారం క్లాసుకంతటికీ బల్లి గురించి ఉపన్యాసం ఇచ్చింది. ఆ రోజు సుబ్బరాజు రైల్లో నిద్రపోలేదు. కిటికీలోంచి చూస్తూ కళ్లు తుడుచుకున్నాడు.

సాయంత్రం స్కూలు లైబ్రరీలో తల్లిదండ్రుల సంఘం సమావేశం. వచ్చింది ఆరుగురు. క్లాసుల్లో ఫ్యాన్ల కోసం శనివారం సాసేజీలు ఎవరు కాల్చి అమ్మాలన్నదాని మీద ముప్పావుగంట చర్చ జరిగింది. ఈ దేశంలో సర్కారు బడికి టీచర్లని ప్రభుత్వం ఇస్తుంది, ఫ్యాన్లని సాసేజీలు ఇస్తాయి. ఆఖర్న హెడ్మిస్ట్రెస్ మిసెస్ హార్‌గ్రీవ్స్ కళ్లజోడు తీసి, "ముగ్గురు పిల్లలు కావాలి. ఎక్కణ్నించి తేను?" అంది.

"నాకు తెలిసినవాళ్లు ఉన్నారు," అన్నాడు సుబ్బరాజు.

నిజంగానే ఉన్నారు. ఈ ఉద్యోగాల మీద సిడ్నీలో దిగే తెలుగువాడెవడైనా విమానాశ్రయం నుంచి నేరుగా సుబ్బరాజు ఇంటికే వస్తాడు. ఫ్లాటు దొరికేదాకా ఓ రెండు వారాలు అక్కడే మకాం. ప్రస్తుతం వెనక గదిలో హైదరాబాదు మహమ్మద్ కుటుంబం ఉంది. కొడుకులు ఫుర్కాన్, అయాన్ ఇంకా ఏ బళ్లోనూ చేరలేదు. అంటే ఇద్దరు ఇంట్లోనే ఉన్నారు. ఇక ఒక్కరు చాలు.

ఇంటికొచ్చి వెంకీకి ఫోన్ చేశాడు. రెండేళ్ల కిందట అతని ఇంట్లోనే దిగిన బ్రహ్మచారి వెంకీ, సిడ్నీ తెలుగువాళ్లందరికీ ఈమెయిళ్లు పంపే బాధ్యత తనంత తానే నెత్తినేసుకున్నాడు.

"వెంకీ, మా స్కూల్లో ఒక్కరు చేరాలయ్యా, వచ్చే వారం శుక్రవారం లోపు. ఇటువైపు ఇల్లు మారేవాళ్లెవరైనా ఉంటే చెప్పు."

"డన్ రాజుగారూ! ఇప్పుడే మెయిల్ కొట్టేస్తా."

కొట్టేశాడు. మెయిల్లో రెండే ముక్కలు: 'క్వేకర్స్ హిల్ స్కూల్లో ఒక్కరికే చోటు. వచ్చే శుక్రవారం ఆఖరు. రాజుగారిని కలవండి.'

ఒక్కటే సీటు! అంతవరకూ ఆ బడి పేరు కూడా విననివాళ్లంతా ఉలిక్కిపడ్డారు. సీటు కోసం ఎల్‌కేజీ దరఖాస్తుల లైన్లో తెల్లవారుజామున నిలబడి వచ్చిన జాతి అది. బుధవారం ఉదయానికల్లా సుబ్బరాజు ఇంట్లో ఫోన్ కింద పెడితే మోగుతోంది.

మొదటి ఫోన్ బ్లాక్‌టౌన్ నుంచి రామానుజం చేశాడు. "రాజుగారూ, మావాడికి మ్యాథ్స్‌లో నూటికి నూరండీ."

"సీటు కాదండీ. స్కూలుకే పిల్లలు తక్కువయ్యారు."

"ఊరుకోండి! పిల్లలు చాలని స్కూలు ఎక్కడైనా ఉంటుందా? డొనేషన్ ఎంతో చెప్పండి, చాలు."

"గవర్నమెంటు స్కూలండీ బాబూ. ఫ్రీ."

"అంటే పూర్తిగా రికమెండేషన్ మీదే అన్నమాట," అన్నాడు రామానుజం, గౌరవంగా.

తర్వాత సీతాదేవి. ఆవిడ ఫోన్ చేయలేదు. మైసూర్‌పాక్ డబ్బాతో స్వయంగా వచ్చేసింది.

"అన్నయ్యగారూ, రిజల్ట్స్ ఎలా ఉంటాయి?"

"నిజం చెప్పమంటారా? మూడో తరగతి పరీక్షల్లో రాష్ట్రం సగటు కన్నా కిందే ఉందమ్మా."

సీతాదేవి ప్రసూన వైపు తిరిగింది. "చూశారా వదినా, అన్నయ్యగారు ఎంత గట్టివారో! నిజంగా అంత చెత్త స్కూలైతే మీ అమ్మాయిని అక్కడ ఉంచుతారా?"

సుబ్బరాజు అలిసిపోయి మైసూర్‌పాక్ తిన్నాడు.

ఆ వారం శుక్రవారం మధ్యాహ్నం ఆఫీసుకి హెడ్మిస్ట్రెస్ ఫోన్ చేసింది. "మిస్టర్ రాజు, మీ ఇంట్లో ఎన్ని గదులు?"

"మూడు."

"ఈ వారంలో మీ ఇంటి చిరునామాతో పద్నాలుగు మంది పిల్లలు చేరారు. మీ అమ్మాయి కాక."

సుబ్బరాజు చేతిలో కాఫీ కప్పు కీబోర్డు మీద ఒరిగింది. "వాళ్లు మా ఇంట్లో లేరు మేడమ్! ఇద్దరే ఉన్నారు. మిగతా పన్నెండు మంది ఎవరిళ్లలో వాళ్లున్నారు."

అటువైపు గొంతు మెత్తబడింది. "నిలువ నీడ లేనివాళ్లని ఇంట్లో పెట్టుకుని, ఆ సంగతి బయటికి చెప్పుకోని మనుషులు ఇంకా ఉన్నారన్నమాట. కానీ జిల్లా ఆఫీసువాళ్లకి అనుమానం వచ్చింది. వచ్చే గురువారం ఉదయం ఎనిమిదింటికి వాళ్ల మనిషి మీ ఇల్లు చూడటానికి వస్తాడు. ఆ మర్నాడే లెక్క."

వెంకీని పట్టుకుని కడిగేశాడు. వెంకీ నొచ్చుకున్నాడు.

"ఎవరూ అబద్ధం రాయలేదు రాజుగారూ. వాళ్ల బ్యాంకు లెటర్లు, టాక్స్ కాగితాలు ఇప్పటికీ మీ ఇంటికేగా వస్తున్నాయి? ఈ పేటలో ఉంటేనే చేర్చుకుంటామని స్కూలువాళ్లు ప్రూఫ్ అడిగితే అవే చూపించారు."

"గురువారం ఆఫీసరొస్తున్నాడయ్యా ఇంటికి! దొరికిపోతే లెక్క మొత్తం కొట్టేస్తారు. ఆ టీచరమ్మ వెళ్లిపోతుంది."

"ఆఫీసరా? ఇంటర్వ్యూకా?" అన్నాడు వెంకీ. ఫోన్ పెట్టేసి ఇంకో మెయిల్ కొట్టాడు.

గురువారం ఆఫీసుకి సెలవు పెట్టి, ఉన్నదున్నట్టు చెప్పేద్దామని నిశ్చయించుకున్నాడు సుబ్బరాజు. పన్నెండు పేర్లు కొట్టేయమందాం, ఇద్దర్నీ ఉంచమందాం, మూడో బిడ్డ కోసం ఆయన కాళ్లు పట్టుకుందాం అనుకున్నాడు. ఏడున్నరకి తలుపు చప్పుడైంది. తీస్తే రామానుజం కుటుంబం. వెనకే సీతాదేవి. ఆ వెనక మరో ఐదు కార్లు. నూనె రాసి దువ్విన తలలతో, ఇస్త్రీ చొక్కాలతో పన్నెండు మంది పిల్లలు హాల్లోకొచ్చి, సోఫాల్లో ఎత్తుల వారీగా కూర్చున్నారు.

"వెళ్లిపోండి! దయచేసి వెళ్లిపోండి!" అన్నాడు సుబ్బరాజు.

"కంగారు పడకండి. మావాడు రాత్రంతా చదివాడు," అన్నాడు రామానుజం.

"ఇంతమంది వచ్చారు, టిఫిన్ పెట్టకుండా ఎలా పంపుతామండీ," అంటూ ప్రసూన ఉప్మాకి నీళ్లు పెట్టింది. పళ్లాల్లో వడ్డించి ఇచ్చే సమయానికి ఎనిమిదైంది. సరిగ్గా ఎనిమిదింటికి మిస్టర్ ప్రెస్కాట్ వచ్చాడు. నెత్తిన టోపీ, చేతిలో అట్ట, చాలా ఇళ్లు చూసి అలిసిన మొహం. గుమ్మంలోనే ఆగిపోయాడు. హాలు నిండా పిల్లలు. అందరి చేతుల్లో పళ్లాలు.

"సార్, వీళ్లెవరూ ఇక్కడుండరు," అన్నాడు సుబ్బరాజు. "ఇద్దరే ఉంటారు."

ప్రెస్కాట్ నడవాలో పదిహేను జతల చిన్న బూట్లు చూశాడు. గ్యారేజీలో వేర్వేరు ఇంటిపేర్లు రాసిన పదకొండు సూట్‌కేసులు చూశాడు. అవి ఫ్లాట్లలో పట్టక వదిలేసి వెళ్లినవాళ్లవి. ఫ్రిజ్ మీద తొమ్మిది మంది ఉత్తరాలు చూశాడు. ఆధారాలన్నీ ఒకవైపు, సుబ్బరాజు ఒక్కడూ ఇంకోవైపు.

"మీరు కూడా ఇక్కడేనా?" అని సీతాదేవిని అడిగాడు.

"అవర్ హౌస్ ఓన్లీ సార్! రాజుగారిల్లంటే మా ఇల్లే!"

"నిజమే సార్," అన్నాడు మహమ్మద్. "ఈ రాజన్న ఇంట్ల ఎవ్వరూ పరాయోళ్లు కారు." ఇంటర్వ్యూ బాగా జరుగుతోందని అందరికీ అర్థమైంది. రామానుజం కొడుకుని గిల్లాడు. వాడు లేచి పదహారో ఎక్కం మొదలుపెట్టాడు. వెంటనే పద్నాలుగు గొంతులూ అందుకున్నాయి. ఇంగ్లీషులోనే, కిటికీ అద్దాలు అదిరేలా.

ప్రెస్కాట్ టోపీ తీసి నిలబడి విన్నాడు. అయిపోయాక మెల్లగా అడిగాడు: "మీ భాషలో ప్రార్థనా?"

ఎవరూ జవాబు చెప్పకముందే అట్ట మీద ఏదో రాసుకున్నాడు. వెళ్తూ సుబ్బరాజు భుజం తట్టాడు. "భయపడకు. ఇంతమందిని పెట్టుకోవడానికి అద్దె ఒప్పందం ఒప్పుకోదనే కదా దాస్తున్నావు? ఆ సంగతి మా శాఖది కాదు." ఉప్మా పొట్లం ఒకటి తీసుకుని వెళ్లిపోయాడు.

శుక్రవారం తలల లెక్క అయింది. ముగ్గురు తక్కువైన బడిలో పదకొండు మంది ఎక్కువయ్యారు. మిస్ కెల్లీ ఎక్కడికీ వెళ్లదు. సుబ్బరాజు ఆ రాత్రి చాలా రోజుల తర్వాత అంకెలు లేని నిద్ర పోయాడు.

సోమవారం హెడ్మిస్ట్రెస్ ఉత్తరం వచ్చింది. మిస్టర్ ప్రెస్కాట్ నివేదిక ప్రకారం ఈ చిరునామాలో ఇంగ్లీషు బొత్తిగా రాని పిల్లలు చాలామంది ఉన్నారు కనుక, ప్రభుత్వం వారి కోసం ప్రత్యేకంగా ఒక క్లాసు మంజూరు చేసింది. దానికి కావలసిన శిక్షణ ఈ బడిలో ఒక్క మిస్ కెల్లీకే ఉంది. ఇకనుంచి ఆమె రోజంతా వాళ్లకే పాఠం చెబుతుంది. ఇంగ్లీషు వచ్చిన పిల్లలు మరో టీచర్ మిస్టర్ డాయిల్ క్లాసుకి వెళ్తారు. ఎవరు ఎటన్నది తేల్చడానికి ఆ చిరునామాలో పిల్లలందరికీ రేపు పరీక్ష.

సుబ్బరాజు ఉత్తరం రెండుసార్లు చదివాడు. అన్నం ముందు కూర్చున్న కూతురికి ఎలా చెప్పాలో తెలియక, ఉన్నదున్నట్టే చెప్పాడు.

"సో నాన్నా, ఐ నో ఇంగ్లిష్, సో నో మిస్ కెల్లీ?"

"అవునమ్మా."

"అండ్ బిస్కెట్?"

"బల్లి కూడా మిస్ కెల్లీతోనే వెళ్తుంది."

అమూల్య పెరుగన్నం ముద్ద చాలాసేపు నమిలింది.

మర్నాడు సాయంత్రం ఫలితాల కాగితం వచ్చింది. జిల్లా ఆఫీసు నుంచి వచ్చి పరీక్ష పెట్టినవాడు రాసిన వాక్యం ఒక్కటే: ఇరవై నిమిషాల్లో ఈ బాలిక నోటి నుంచి ఒక్క ఇంగ్లీషు మాట కూడా రాలేదు.

"ఏమైందమ్మా? మళ్లీ మాట రాలేదా?" అన్నాడు సుబ్బరాజు, కూతురి పక్కన చతికిలబడి.

"నో, నాన్నా," అంది అమూల్య, తెల్లకాగితం మీద బల్లికి నీలం నాలుక వేస్తూ. "ఐ డిడ్ ఇట్ ఆన్ పర్పస్. ఐ జస్ట్ లుక్డ్ ఎట్ హిస్ షూస్. ఇట్స్ నాట్ హార్డ్."

కాగితం కింద తండ్రి నింపవలసిన గడి ఒకటుంది: 'ఇంట్లో పిల్ల ఇంగ్లీషు మాట్లాడుతుందా?' సుబ్బరాజు కలం పట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. తర్వాత 'మాట్లాడదు' అని రాసి సంతకం పెట్టాడు.

రెండు వారాలుగా అతను హెడ్మిస్ట్రెస్‌కి, రామానుజానికి, సీతాదేవికి, ఆఫీసరుకి నిజం తప్ప మరొకటి చెప్పలేదు. స్కూలువాళ్లు మారు ప్రశ్న లేకుండా నమ్మింది మాత్రం ఆ కాగితం మీద రాసిన ఒక్క మాటనే.