గోడలో ఎలుక

శనివారం పొద్దున వీబ్రెన్ రొట్టెముక్క మీద చాక్లెట్ పలుకులు చల్లుకుంటూ ఆ రోజు పని ఖాయం చేసుకున్నాడు. సాయంత్రం రైలుకు భార్య యాంటీన వస్తోంది. ఆమె వచ్చేలోపు వంటింటి గోడలో ఉన్న ఎలుక సంగతి తేలిపోవాలి.

కూతురికి పాప పుట్టిందని యాంటీన గ్రోనింగెన్ వెళ్లింది. ఆమె వెళ్లిన కొద్దిరోజులకే గోడలో గీకుడు మొదలైంది. ఫోన్లో చెబితే, ఎలుకలు పట్టే మనిషిని పిలవమంది. "ఒక్క ఎలుకకి ఒక మనిషా?" అన్నాడు వీబ్రెన్. అతను బళ్లో భూగోళం చెప్పి రిటైరైనవాడు. ప్రపంచంలో ఏ నది ఎక్కడ పుట్టి ఎక్కడ కలుస్తుందో తెలిసినవాడికి, ఒక ఎలుక ఎక్కడ దూరి ఎక్కడ తేలుతుందో కనిపెట్టడం ఒక పనా అనిపించింది. అవతలినుంచి యాంటీన ఎలుకలు పట్టే మనిషి నంబరు చదివింది. స్నానాలగది కుళాయిని అతను బాగుచేసిన రోజు ఆమెకింకా గుర్తుంది.

ఆ ఎలుకది చిత్రమైన పద్ధతి. రాత్రిళ్లు కిక్కురుమనదు. పొద్దున కాఫీ వేళకు, తమకూ పక్కింటికీ ఉమ్మడిగా ఉన్న గోడలోంచి గర్రు గర్రుమని మొదలుపెట్టి, ఓ గంటసేపు గీకి ఊరుకుంటుంది. వీబ్రెన్ చీపురుకర్ర తిరగేసి గోడమీద దబదబా బాదేవాడు. చప్పుడు ఠక్కున ఆగేది. కాసేపటికి బెదురుబెదురుగా మళ్లీ మొదలయ్యేది. మళ్లీ బాదేవాడు. బోనుల్లో వేరుశనగ వెన్న కూడా పెట్టి చూశాడు గాని, వాటిలో ఇంతవరకూ పడింది అతని కాలి బొటనవేలు ఒక్కటే. చివరికి కర్ర వైద్యమే పనిచేసింది. రెండు రోజులుగా గీకుడు లేదు. ఎలుక బెదిరినట్టే. ఇక దాని కన్నం పూడ్చేస్తే పీడ విరగడైపోతుంది.

పక్కింటి లుబ్బర్ట్‌ని ఒక్క మాట అడిగితే సరిపోయేది. కానీ వాళ్లిద్దరికీ మాటలు లేవు. ఒకప్పుడు కాలవలు గడ్డకట్టగానే కలిసి స్కేటింగ్‌కి పోయిన స్నేహం. పెరటిసందులో రెండిళ్లకూ కలిపి ఉన్న చెక్క గేటుకి లుబ్బర్ట్ ఒకనాడు అడగకుండా ఆకుపచ్చ రంగు వేశాడు. మర్నాడు వీబ్రెన్ తన సగానికి బూడిదరంగు కొట్టాడు. గేటు ఇప్పటికీ అలాగే ఉంది, స్నేహమూ అక్కడే ఆగిపోయింది. చలికాలంలో లుబ్బర్ట్ భార్య హెన్నీకి పక్షవాతం వచ్చిందని, ఆమెను ఎక్కడో చికిత్సకు ఉంచారని వీబ్రెన్‌కు తెలుసు. యాంటీన కార్డు పంపింది, కింద అతనూ సంతకం పెట్టాడు. అంతకుమించి తెలియదు. గేటు గొడవ నాటినుంచి ఆ ఇంటి కిటికీలకేసి చూడకూడదని అతనికి ఒక నియమం.

సైకిలెక్కి ఊరిచివర ఇంటిసామాన్ల దుకాణానికి వెళ్లాడు. ఇనుప పీచు, కన్నాలు పూడ్చే ఫోమ్ డబ్బాలు రెండు దుకాణం తోపుడుబండిలో వేసుకుని అరల మధ్య మలుపు తిరిగేసరికి ఎదురుగా లుబ్బర్ట్. అతని బండిలో కార్క్ పలకలు, మందపాటి ఉన్నిగుడ్డ, ఒక ఫోమ్ డబ్బా. వీబ్రెన్‌ని చూడగానే లుబ్బర్ట్ వానకోటు విప్పి సామాను మీద కప్పేశాడు. ఇటు వీబ్రెన్ కూడా తనకు అవసరం లేని గోడకాగితం చుట్ట ఒకటి లాగి డబ్బాల మీద పడేశాడు. ఇద్దరూ కాసేపు రంగు డబ్బాలకేసి శ్రద్ధగా చూశారు.

డబ్బు కట్టే చోట ఒకరి వెనక ఒకరు నిలబడక తప్పలేదు. "మీ ఇద్దరిదీ ఒకటే బిల్లా అండీ?" అంది కౌంటర్లో అమ్మాయి.

"కాదు," అన్నారిద్దరూ. ఇన్నేళ్లలో వాళ్లు ఒక్క మాటమీద నిలబడింది అదొక్కసారే.

దారిపొడుగునా వీబ్రెన్ ఆలోచన సైకిలుకంటే వేగంగా పరిగెత్తింది. లుబ్బర్ట్ ఇంట్లోనూ ఎలుకలున్నాయన్నమాట. తనవైపు కన్నాలన్నీ పూడ్చి, ఆ మందనంతా ఇటు తోలేద్దామని చూస్తున్నాడు. బండిమీద కోటు కప్పడం అందుకే. ఎంత పెద్దమనిషి! అతనికంటే ముందు తాను పూడ్చేస్తే ఎలుకలు ఎవరివి వాళ్ల దగ్గరే ఉంటాయి.

ఇంటికి రాగానే వంటింటి బీరువా పక్కకు జరిపాడు. గోడకాగితం చించితే గుండ్రటి రేకుమూత బయటపడింది. బొగ్గుపొయ్యిల కాలంలో పొగగొట్టం దూర్చిన కన్నం అది. మూత ఊడదీస్తే లోపలంతా చీకటి. చీకటికేసి గెలుపు చూపు ఒకటి చూసి ఫోమ్ డబ్బా మూతి అందులో దూర్చాడు. కొంచెం కొంచెంగా వేయాలని, వేసింది బాగా పొంగుతుందని డబ్బా మీద నాలుగు భాషల్లో రాసి ఉంది. నాలుగూ చదవగలవాడు కనక వీబ్రెన్ ఒక్కటీ చదవలేదు. మొదటి డబ్బా అంతా కొట్టి, రెండోదీ కొట్టేశాడు.

ఫోమ్ బుసబుసలాడుతూ లోపలికి పొంగింది. సరిగ్గా అప్పుడే గోడలోంచి, రెండు రోజుల తరవాత, చాలా మెల్లగా వినిపించింది, గర్రు.

ఎలుక అక్కడే ఉంది, చెయ్యి చాపితే అందేంత దూరంలో. వీబ్రెన్‌కు చీపురుకర్ర కనబడలేదు, సుత్తి కనబడింది. కన్నం పక్కన ఒక్కటి గట్టిగా వేశాడు. రెండిళ్ల మధ్య ఉన్నది ఒంటి ఇటుక గోడ, పైగా వాళ్ల తాతలనాటిది. కన్నం చుట్టూ ఉన్న నాలుగైదు ఇటుకలు, ఫోమ్ ముద్దతో సహా, అవతలికి దొర్లిపోయాయి.

దుమ్ము అణిగాక వీబ్రెన్ తల వంచి చూశాడు. అవతల బల్ల దగ్గర హెన్నీ కూర్చుని ఉంది. ఇటుకలు నేలమీద పడ్డాయి, ఆమెకు దెబ్బ తగల్లేదు. ఆమె కుడిచేతిలో, వంకర తిరిగిన వేళ్ల మధ్య, చిన్న ఉలి ఉంది. బల్లమీద అచ్చుబొమ్మలు చెక్కే లినోలియం పలక, దానిమీద సగం చెక్కిన కొంగ. ఆ కొంగ మీద పసుపుపచ్చటి ఫోమ్ పులిసిన పిండిలా ఇంకా పొంగుతూనే ఉంది.

హెన్నీ అతన్ని చూసింది. ఆమెకు మాట కూడగట్టుకోవడానికి కాస్త సమయం పట్టింది.

"క్షమించు వీబ్రెన్," అంది. "ఇవాళ... మెల్లగానే చేద్దామనుకున్నా."

కొండను తవ్వి ఎలుకను పట్టినవాణ్ణి లోకం ఎగతాళి చేస్తుంది గాని, వాడికి కనీసం ఎలుకైనా దొరికింది.

తలుపు తీసుకుని లుబ్బర్ట్ వచ్చాడు, చంకలో కార్క్ పలకలతో. గోడకేసి చూశాడు, భార్యను చూశాడు, పలకలు గోడకు చేరేశాడు. అతను గొంతు పెంచలేదు. డాక్టర్లు హెన్నీని ఇంటికి పంపేటప్పుడు, రోజూ పొద్దున ఒక గంట ఆ చేత్తో పని చేయించమన్నారట. ఆమె ఒకప్పుడు బొమ్మలు చెక్కి అచ్చు తీసేది కదా, అందుకని ఉలి ఇచ్చాడట. గోడ బాదినప్పుడల్లా చెయ్యి జారి ఆపేసేదట. పక్కవాళ్లకు ఇబ్బందిగా ఉందంటూ రెండు రోజులుగా ఉలి ముట్టలేదట. చప్పుడు అటు పోకుండా గోడకు కార్క్ కొడతానని మాటిస్తే గాని ఇవాళ బల్ల దగ్గరికి రాలేదట.

"ఎలుకనుకున్నాను," అన్నాడు వీబ్రెన్.

హెన్నీ నవ్వింది. ముఖంలో సగమే నవ్వింది, రెండో సగానికి ఇంకా చేతకావడం లేదు. లుబ్బర్ట్ నవ్వలేదు.

"నాతో మాట్లాడకపోతే మానెయ్యండి," అన్నాడు. "తలుపు గంటైనా కొట్టకూడదూ మీరు?"

గేటు గొడవ రోజున నానా మాటలూ అనుకున్నారు గాని, అప్పుడు కూడా లుబ్బర్ట్ నోట 'మీరు' రాలేదు. సుత్తి ఇంకా చేతిలోనే ఉందని వీబ్రెన్‌కు అప్పుడు తెలిసింది.

అక్కడితో ఆగినా బాగుండేది. అతను వీధి చుట్టూ తిరిగి వాళ్లింటికి వెళ్లి, ఇటుకముక్కలు ఏరి, గుడ్డతో ఫోమ్ తుడవబోయాడు. తుడిచినకొద్దీ అది బల్లకీ, గుడ్డకీ, అతని చొక్కా చేతులకీ అంటుకుంది. పలకను ఇంటికి తీసుకెళ్లి శుభ్రం చేసి తెస్తానన్నాడు. లుబ్బర్ట్ వద్దన్నాడు. హెన్నీ కూడా, పోనీలే, వదిలెయ్యమంది. అతను వినలేదు. ఏదో ఒకటి బాగుచేసి ఇవ్వకుండా ఆ గుమ్మం దాటలేననిపించింది.

రంగు తుడిచే మందు పోసి రుద్దితే ఫోమ్ పోయింది. దానితోపాటే పలక మెత్తబడి, గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. ముందు కొంగ కాళ్లు పోయాయి. భయపడి ఇంకాస్త రుద్దాడు. ముక్కూ పోయింది. ఒక్కో ఈకకు ఆ చెయ్యి ఎంత కష్టపడిందో, తన కర్రదెబ్బకు ఎన్నిసార్లు జారిందో తలుచుకుంటూ, నున్నగా మిగిలిన ఆ ముక్క ముందు కూర్చుండిపోయాడు.

యాంటీన పెట్టె పట్టుకుని వచ్చేసరికి అతను అలాగే ఉన్నాడు. కన్నంలోంచి పక్కింటి దీపం వెలుగు వంటింట్లో పడుతోంది. ఆమె కోపపడితే తట్టుకునేవాడే. ఆమె అంతా విని, కోటైనా విప్పకుండా, దారిలో కొన్న తులిప్ పూలగుత్తి పట్టుకుని పక్కింటికి వెళ్లింది. చాలాసేపు రాలేదు. గోడకు అంత పెద్ద కన్నం ఉన్నా, అటునుంచి మాటలు అతనికి అర్థం కానంత మెల్లగానే వినిపించాయి.

సోమవారం లుబ్బర్ట్ పిలిపించిన తాపీమేస్త్రీ వచ్చి మధ్యాహ్నంలోపు గోడ కట్టేసి పోయాడు. అటువైపు కార్క్ కూడా కొట్టారు. వీబ్రెన్ కొత్త పలక కొనుక్కుని వెళ్లి, హెన్నీ ముందు నిలబడి, చెప్పాలనుకున్న క్షమాపణలో సగం చెప్పగలిగాడు. ఆమె పలక తీసుకుని, మంచిదే తెచ్చావంది. వంటింట్లో ఎప్పటిలాగే చెక్కుకొమ్మని, చప్పుడు తనకు బాగుంటుందని అతను బతిమాలాడు. ఆమె తల అడ్డంగా ఊపింది. బల్ల ఇప్పుడు ముందుగదిలో వేశారు, అక్కడ వెలుతురు బాగుంటుంది అంది. వంటింట్లో కూర్చుంటే ఎప్పుడు కొడతారోనని చెయ్యి దానంతటదే ఆగిపోతోందని మాత్రం అతనితో అనలేదు. యాంటీనతో అంది.

వీబ్రెన్ తన నియమం వదిలేశాడు. పోతూ వస్తూ ఆ ముందుకిటికీకేసి చూస్తాడు. ఆమె తలెత్తితే చెయ్యి ఊపుతాడు. ఆమె ఎడమచెయ్యి ఊపుతుంది. లుబ్బర్ట్ ఎదురైతే నమస్కారమంటాడు, అవతలినుంచీ నమస్కారం వస్తుంది, 'మీరు'తో కలిపి. రోజూ కాఫీ వేళకు మాత్రం వీబ్రెన్ కుర్చీ గోడ దగ్గరికి జరుపుకుని కూర్చుంటాడు.

ఎండాకాలంలో యాంటీన చెల్లెలు చూడవచ్చింది. కాఫీ తాగుతూ, తమ ఇంట్లో పక్కవాళ్లు తుమ్మినా దగ్గినా వినబడుతుందని కష్టమంతా చెప్పుకుంది. తరవాత వంటింటి గోడను మెచ్చుకోలుగా తట్టింది.

"నీ అదృష్టం బావా," అంది. "అవతల మనుషులున్నారనే తెలియదు."