బతికున్నవాళ్ళ కిటికీ వేలం

ప్రభుత్వం దగ్గర డబ్బు లేదనడం శుద్ధ అబద్ధం. ఉంది, కాకపోతే కుర్చీల రూపంలో ఉంది. ఈ మహాసత్యాన్ని లోకానికి వెల్లడించినవారు కుర్చీల విలువ వెలికితీత సంఘంవారు. ఒక ప్రభుత్వ కుర్చీ ఏడాదికి ఎంత సంపాదించగలదో అందులో కూర్చున్నవాడికి తెలుసు, ఇంట్లో అతని భార్యకి తెలుసు, ఎదుట నిలబడ్డవాడికి మరీ బాగా తెలుసు. తెలియనిదల్లా ఖజానాకే. అందుచేత ఇకమీదట ఏ కుర్చీకీ జీతం ఇవ్వరు, వేలం వేస్తారు. హెచ్చుపాట పాడినవారు ఖజానాకి డబ్బు కట్టి అయిదేళ్ళపాటు అందులో కూర్చుంటారు, కట్టినదాన్ని ఎదుట నిలబడ్డవారి దగ్గర తమకు తోచిన రీతిలో రాబట్టుకుంటారు. జీతాల ఖర్చు మిగులుతుంది, పాట డబ్బు వస్తుంది. (దీన్ని లంచం అనకూడదని సంఘంవారి మొదటి సర్క్యులర్. "వినియోగదారుడి ఉత్సాహం" అనాలి.)

సర్క్యులర్ చూసి ఆఫీసులో గుమాస్తాలు పెద్దగా కంగారుపడలేదు. ఎవరి కుర్చీ వాళ్ళు కొనుక్కోగల స్తోమత చాలామందికి ఆ కుర్చీయే కల్పించింది. ఏడో కిటికీ గుమాస్తా ఒక్కడే తల పట్టుకున్నాడు.

ఏడో కిటికీ అంటే బతికున్నవాళ్ళ కిటికీ. పింఛను తీసుకునే ముసలివాళ్ళు ఏడాదికోసారి అక్కడికి వచ్చి, తాము ఇంకా బతికే ఉన్నామని చూపించుకుని, ఆ మేరకు ఒక కాగితం పట్టుకుపోతారు. కాగితం లేకపోతే పింఛను ఆగిపోతుంది. గుమాస్తా "బాగున్నారా?" అని అడిగేవాడు, వాళ్ళు ఎందుకు బాగులేరో వివరంగా చెప్పేవారు, అతను మొత్తం విని ముద్ర కొట్టేవాడు. ఎవరైనా పళ్ళు తెస్తే వెనక్కి ఇచ్చేసేవాడు. అంతా నీతే అనుకోకండి, సగం నీతి, సగం మొహమాటం. ముసలివాళ్ళ ముందు చెయ్యి చాపాలన్న ఊహకే అతనికి చెవులు ఎర్రబడేవి.

మరో నెలలో రిటైరవుతాడనగా సంఘం తరఫున విలువల అధికారి వచ్చాడు. కుర్రవాడే, కానీ మొహంలో ఖజానా బరువంతా ఉంది.

"ఈ కుర్చీ రోజుకి ఎంత చేస్తుంది?"

"డెబ్బై ఎనభై కాగితాలు చేస్తుందండీ."

"కాగితాలు కాదు, రాబడి."

"ఏమీ లేదండీ."

"ఏమీ లేదంటే ఎంత?"

అధికారి సొరుగు లాగి చూశాడు. ఒక ముద్ర, ఇంకు డబ్బా, దగ్గు బిళ్ళలు కనిపించాయి. (అవతల ఇంటి ప్లానుల కిటికీలో సొరుగు లోతు చూసి ఆయన పులకించిపోయాడని అప్పటికే ఆఫీసంతా చెప్పుకుంటున్నారు.)

"ప్రభుత్వ ఆస్తిని ఇన్నేళ్ళు బీడు పెట్టారన్నమాట" అన్నాడు అధికారి, కోపంగా కాదు, జాలిగా. "దీనికి పాట రాకపోతే ఆ నష్టం మీ రిటైర్మెంటు డబ్బులోంచి కోసుకుంటాం. పదకొండో నిబంధన."

"అందులో ఏముందండీ?"

"నిజాయితీ వల్ల కుర్చీకి కలిగిన అరుగుదల."

రిటైర్మెంటు డబ్బు మీద అప్పటికే ఒక హక్కుదారు ఉంది. గుమాస్తా భార్యకి మోకాళ్ళు అరిగిపోయాయి. వాళ్ళుండే వాటా మేడమీద. కిందికి దిగాలంటే ఆవిడ మెట్టు మీద కూర్చుని, జరిగి, కింది మెట్టు మీద కూర్చుని, మళ్ళీ జరిగి దిగుతుంది. ఆ డబ్బు రాగానే ఆపరేషనని డాక్టరుతో మాట్లాడుకున్నారు కూడా. గుమాస్తా ఇంటికెళ్ళి విషయం చెప్పేసరికి ఆవిడ నిర్ఘాంతపోయింది.

"ఇన్నేళ్ళలో ఒక్కరి దగ్గరైనా పుచ్చుకోలేకపోయారా?"

"పుచ్చుకోవద్దని నువ్వే అనేదానివి కదే!"

"ఎక్కువ పుచ్చుకోవద్దన్నానండీ."

అతనికి మొదట ఒళ్ళు మండింది, తర్వాత మోకాళ్ళకేసి చూసి సిగ్గేసింది. అయినా దారి పూర్తిగా మూసుకుపోలేదు. వేలానికి ముందు పాటదారులు కుర్చీలని చూసుకునే రోజొకటుంది. ఆ రోజు కుర్చీ సత్తా ఏమిటో ఉన్న ఉద్యోగి స్వయంగా చేసి చూపించవచ్చని నిబంధనల్లోనే రాశారు. భార్యాభర్తలు సాధన మొదలుపెట్టారు. ఆవిడ నోటు పట్టుకుని ముసలివాడిలా దగ్గుతూ వస్తుంది, ఆయన అడగాలి.

"మరి... ఏమైనా... మీకు ఇబ్బంది లేకపోతే... వద్దులెండి."

"వద్దులెండి ఎందుకండీ మధ్యలో!"

"అలవాటే. నోట్లోంచి దానంతటదే వస్తోంది."

ఆ రోజు రానే వచ్చింది. పాటదారులు ఏడో కిటికీ గోడవారగా ప్లాస్టిక్ కుర్చీల్లో కూర్చుని ఆవలిస్తున్నారు. వాళ్ళ మనసంతా ఇంటి ప్లానుల మీద ఉంది. వరసలో అందరికంటే ముందు, ఏటా ముందుండే బస్సు కండక్టరుగారే ఉన్నాడు. ఆయన రిటైరై ఏళ్ళయినా గొంతు మాత్రం ఇంకా డ్యూటీలోనే ఉంది.

"కండక్టరుగారూ... ఈసారి... మరి..." అన్నాడు గుమాస్తా.

"చెవులు అలా ఎర్రబడ్డాయేంటయ్యా, జ్వరమా?"

గుమాస్తాకి ఇక దాచడం చేతకాలేదు. ముందుకి వంగి పాటదారులకి వినపడకుండా వేలం, కోత, భార్య మోకాళ్ళు అన్నీ గుక్కతిప్పుకోకుండా చెప్పేశాడు. కండక్టరుగారు విని, వెనక్కి తిరిగి, చివరి సీటుదాకా వినపడే గొంతుతో అన్నాడు.

"ముందుకి జరగండి, ముందుకి జరగండి! మన గుమాస్తాకి కష్టమొచ్చింది. ఇన్నాళ్ళూ మనల్ని ఊరికే బతికించాడు. చేతిలో ఉన్నది తియ్యండి!"

అని, ముందు తనే ఒక పెద్ద నోటు తీసి బల్ల మీద కొట్టాడు. జన్మంతా డబ్బు తీసుకోవడమే అలవాటైన చెయ్యి కావడంతో అది కాసేపు నోటు మీదే ఉండిపోయింది. తర్వాత ఒక రిటైర్డు నర్సు వచ్చి కండక్టరుగారికంటే పెద్ద నోటు పెట్టింది. నర్సుకి తీసిపోకూడదని ఒక మాస్టారు రెండు పెట్టాడు. అలా వరసంతా పోటీలు పడి పెట్టారు. సొరుగు పట్టక మాస్టారి గొడుగులో వేశారు. గుమాస్తా ముద్ర కొడుతూ ఏడ్చాడు. (పాటదారులు దాన్ని ఆనందబాష్పాలుగా నమోదు చేసుకున్నారు.)

గోడవారన ఆవలింతలు ఆగిపోయాయి.

"ముసలాళ్ళు ఏమిస్తారులే అనుకున్నానండీ" అన్నాడొక పాటదారు.

"ఇవ్వక ఏం చేస్తారు? ఇంటి ప్లాను రాకపోతే అద్దెకుంటాడు. బతికున్న కాగితం రాకపోతే ఎక్కడుంటాడు?" అన్నాడు పక్కాయన, పెన్ను తీస్తూ.

ఆ సాయంత్రం గుమాస్తా గొడుగు చంకలో పెట్టుకుని ఇంటింటికీ తిరిగి ఎవరి నోటు వాళ్ళకి ఇచ్చేశాడు. అప్పటికి పాటదారులు రాసుకోవలసింది రాసుకుని వెళ్ళిపోయారు. వేలంలో ఏడో కిటికీ ఇంటి ప్లానుల కిటికీని దాటిపోయింది. విలువల అధికారి స్వయంగా వచ్చి గుమాస్తాకి కరచాలనం చేసి "ఆలస్యంగానైనా మేల్కొన్న ఉద్యోగి" అని ఒక ప్రశంసాపత్రం ఇచ్చాడు. డబ్బు కోత లేకుండా చేతికొచ్చింది. ఆపరేషనయింది. ఆవిడ మెట్లు నిలబడి దిగిన రోజున గుమాస్తా పిచ్చి సంతోషంతో మెట్ల కిందే నిలబడి చప్పట్లు కొట్టాడు.

ఏడాది తిరిగింది. తానూ బతికే ఉన్నానని చూపించుకోవడానికి గుమాస్తా ఏడో కిటికీకి బయల్దేరాడు. రద్దీ ఉంటుందని పెందలాడే వెళ్ళాడు గాని, వరసలో మనుషులు పల్చగా ఉన్నారు. ఏసీ చల్లగా ఉంది. గోడ మీద సంఘంవారి ప్రకటన అంటించి ఉంది: సంస్కరణ ఫలితంగా పాట ఆదాయం పెరగడమే కాక, కారణం ఇంకా అధ్యయనంలో ఉన్నప్పటికీ, పింఛన్ల ఖర్చు కూడా సగానికి తగ్గింది. కిటికీ వెనక కొత్తాయన ఎంతో మర్యాదగా రేటు పలక వైపు చూపించాడు.

"నేనున్నప్పుడు ఇది ఊరికే ఇచ్చేవాళ్ళం బాబూ" అన్నాడు గుమాస్తా.

"తెలుసండీ. ఆ రోజు నేను గోడవారనే కూర్చున్నాను. కండక్టరుగారు పెట్టిన నోటునే, బతికిన నెలకి ఒకటి చొప్పున, రేటు చేశాను, పైసా ఎక్కువ వెయ్యలేదు. నర్సమ్మగారి నోటు వెయ్యొచ్చు, కానీ అంత ఆశ పనికిరాదు. జనం ఇష్టపడి పెట్టిన ధరని మనం గౌరవించాలి కదా."

గుమాస్తా డబ్బు కట్టాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకుని వెనక్కి తిరిగితే నర్సు కనిపించింది.

"కండక్టరుగారు రాలేదేం? ఎప్పుడూ ముందు ఆయనే కదా" అని అడిగాడు.

"ఇంట్లోనే ఉన్నారు నాయనా, పొద్దున పలకరించే వచ్చాను" అంది ఆవిడ. "ఈ ఏడు బతికుండడం గిట్టుబాటు కాలేదట."