మారని చిరునామా

ఆ ఉదయం కోడలి పథకం చిన్నదే. పదింటికి లాండ్రీ యాప్ మొదలై సిద్ధంగా ఉన్న మూటలు ఇళ్ళకి బయల్దేరతాయి, పదకొండింటికి యజమాని మెచ్చుకుంటాడు, సాయంత్రానికి మూడు నెలలుగా నానుతున్న తన ఉద్యోగం ఖాయమవుతుంది.

యాప్‌ను ఆమే స్విఫ్ట్ అనే ప్రోగ్రామింగ్ భాషలో రాసింది. ఒక్కో ఆర్డరుకీ ఒక స్ట్రక్ట్. పేరు, బట్టలు, చిరునామా అని గడులున్న ఫారం లాంటిది. గడిని ‘వార్’ అని ప్రకటిస్తే తర్వాత మార్చుకోవచ్చు. ‘లెట్’ అని అక్కడే విలువ ఇచ్చేస్తే ఇక శిలాశాసనమే. నిన్న పరీక్ష కోసం తన ఇంటి చిరునామానే ‘లెట్’ అని పెట్టుకుంది. తర్వాత ఖాతాదారుడి చిరునామా ఇవ్వబోతే, ఇక్కడొకటి ఎక్కువైందని కోడ్‌ను తనిఖీ చేసే కంపైలర్ అలిగింది. ఎక్కువైందన్న ఆ రెండోదాన్ని తీసేసింది. అలక తీరింది.

పదిన్నరకి అత్తగారి ఫోను.

"ఎవరో ఇస్త్రీ బట్టల మూట తెచ్చాడమ్మా. మనం వేశామా?"

"లేదత్తయ్యా. పొరపాటున వచ్చుంటుంది, పక్కన పెట్టండి."

"పెట్టడానికి పక్కంటూ మిగల్లేదు. ఇది ఏడోది."

కోడలు ఫోన్ పెట్టేసింది. కోడ్ తెరిచింది, ‘లెట్’ కనిపించింది. దిద్దినా కొత్త యాప్ అందరికీ చేరేసరికి సాయంత్రమవుతుంది. యజమాని గది వైపు ఒక కన్నేసి, డెలివరీ అతనికి ఫోన్ చేసింది.

"ఆ మూటలన్నీ వెనక్కి తెచ్చెయ్యండి."

"తెచ్చాను మేడమ్. యాప్ మళ్ళీ మీ ఇంటికే పంపింది. ఇప్పుడు పదకొండు మూటలు."

అత్తగారు మళ్ళీ ఫోన్ చేసింది. ఈసారి ఆమె గొంతు వెనక జనం మాటలు వినిపించాయి. బట్టలు ఎక్కడికి చేరాయో యాప్ ఖాతాదారులకి కూడా చెప్పిందట.

"లాయరు గారు సోఫాలో కూర్చున్నారు. కోర్టుకి టైమైందట, నల్లకోటు కావాలట. గుమ్మంలో ఇంకా ఐదుగురు."

"అయ్యో, మీరేమన్నారు?"

"వరసలో రమ్మన్నాను."

కోడలు చెప్పులు సరిగా తొడుక్కోకుండానే ఇంటికి పరుగెత్తింది. ఖాతాదారుల ఫోన్లు అందుకుని బయల్దేరిన యజమాని కారు అప్పటికే గేటు ముందుంది. లోపల ఆయన వరస చివర నిలబడి ఉన్నాడు. అత్తగారు భోజనాల బల్ల మీద మూటలు విప్పి, ఒక చొక్కా కాలర్‌ని వెలుతురుకి పెట్టి చూస్తోంది.

"మీరేనా యజమాని? దీన్ని ఉతికామనే అంటారా?"

"అనలేనమ్మా."

"అయితే పట్టుకెళ్ళండి. ఈ చొక్కా అబ్బాయికి నేను చెప్పాను, రేపు ఇస్తారని."

"సార్, తప్పు నాదే," అంది కోడలు. "ఒక్క మాట మార్చి, తీసేసింది మళ్ళీ పెడితే చాలు."

"మీ సంగతి తర్వాత," అని ఆయన అత్తగారి వైపు తిరిగాడు. "మూడేళ్ళలో ఫిర్యాదు లేకుండా మనుషులు వెళ్ళడం ఇవాళే చూశాను. మా కౌంటర్లో కూర్చుంటారా అమ్మా?"

అత్తగారి ఉద్యోగం సోమవారం నుంచి ఖాయమైంది. కోడలిది ఇంకో మూడు నెలలు చూస్తారట.