ఆటలు రాని కంప్యూటర్

"ఈ దేశంలో డబ్బు లేక కంప్యూటర్ కొనుక్కోలేని కాలేజీ పిల్లలు ఇక ఒక్కరు కూడా మిగలరు! ఆ కంప్యూటర్ మీద ఆటలాడే పిల్లలు కూడా ఒక్కరు మిగలరు!"

ఫిబ్రవరిలో మా దీవిలోని లంబాసా ఊరి మార్కెట్ పక్క మైదానంలో విద్యార్థి పరికరాల శాఖ మంత్రి, గౌరవనీయులు ఎపేలి తుకానాగారు ఈ ప్రకటన చేసినప్పుడు నేను మూడో వరసలో ఉన్నాను. జోరున వాన. జనంతో పాటు తానూ తడుస్తానని, గొడుగు తీసెయ్యమని మంత్రిగారు మైకులోనే ఆజ్ఞాపించారు. గొడుగు పట్టుకున్న ఉద్యోగి వినలేదు. దానివల్ల మంత్రిగారు తడవలేదు గానీ ఆయన త్యాగం మాత్రం అందరికీ వినబడింది.

నా పేరు అప్పల్సామి. నసెకూలా రోడ్డులో కంప్యూటర్లు అమ్మే, బాగుచేసే చిన్న కొట్టు నాది. రాజకీయాలు నాకు తెలియవు. కానీ గొప్పతనం ఎదురుగా వచ్చి నిలబడితే గుర్తుపట్టగలను.

పథకం చాలా సరళం. తొలి విడతగా పన్నెండుమంది పేద విద్యార్థులకు ప్రభుత్వమే కంప్యూటర్లు కొనిస్తుంది. ఏ రకం కొనాలో ఒక ఎంపిక కమిటీ తేలుస్తుంది. కమిటీకి అధ్యక్షులు మంత్రిగారు, సభ్యులు శాఖ కార్యదర్శి విశ్వదేవ్‌గారు, సాంకేతిక సలహాదారు నేను. సలహాదారు అంటే తీగలు బిగించేవాడన్నమాట.

ఆ సాయంత్రమే అరియేతా నా కొట్టుకొచ్చింది. ద్రెకెతీ అనే పల్లెటూరి అమ్మాయి. వాళ్ళమ్మ మార్కెట్లో కర్రపెండలం కుప్పలు పోసి అమ్ముతుంది. ఈ పిల్ల సర్వేయింగు డిప్లొమా ఆఖరి ఏడాదిలో ఉంది.

"అంకుల్, ఆ పన్నెండుమందిలో నా పేరుంది. ఏది కొంటే మంచిది?"

"దేనికి వాడతావ్?"

"భూముల ప్లానులు గియ్యాలి. జూన్ ఇరవైకల్లా పెద్ద ప్లాను ఒకటి కాలేజీలో ఇచ్చెయ్యాలి. ఇవ్వకపోతే ఏడాది గోవిందా. ఇంకో ఏడాది చదివించడం మా అమ్మవల్ల కాదు."

"ఇంకేమైనా పనులు?"

"శని ఆదివారాలు నేనూ మా చెల్లీ గేమ్స్ ఆడతాం. మీ దగ్గర దాపరికం ఎందుకు?"

"రెండూ ఒకటేనే పిచ్చిపిల్లా! ప్లాను గియ్యాలన్నా, గేము ఆడాలన్నా కావలసింది అదే గ్రాఫిక్స్ కార్డు. ఒకటి నడిస్తే రెండోది నడుస్తుంది."

ఆస్ట్రేలియా ఆఫీసులో వాడి వదిలేసిన డబ్బా ఒకటి తీసి, ఓ మోస్తరు కార్డు వేసి, మెమరీ పెంచి చూపించాను. తొమ్మిది వందల డాలర్లు. కొత్తదైతే దీనికి రెండింతలు. ఆ పిల్ల దాని మీద చెయ్యి వేసి, ఇదే కావాలంది. మొత్తం అయిదు నిమిషాల పని.

"కమిటీ ఒప్పుకుంటుందా అంకుల్?"

"ఒప్పుకోకేం?" అన్నాను. నేనప్పటికింకా కమిటీలో పనిచేసి ఉండలేదు.

మార్చి మొదటివారంలో ఆ డబ్బాని మోసుకుని బ్యాంకు మేడమీదున్న మంత్రిగారి ఆఫీసుకి వెళ్ళాను. కొత్తగా గుమ్మంలోకి వచ్చినదాన్ని స్వాగతించకుండా పని మొదలుపెట్టడం మర్యాద కాదని మంత్రిగారు చాపలు పరిపించారు. గ్రోగు, అంటే మా దీవిలో అతిథి మర్యాదకి తాగే వేరు రసం, కలిపారు. కొబ్బరి చిప్ప కమిటీ చుట్టూ నాలుగుసార్లు తిరిగింది. కంప్యూటర్ తాగలేదు కాబట్టి దాని వంతు విశ్వదేవ్‌గారు తాగారు. ఆ తర్వాత పరీక్ష మొదలైంది.

"ఇందులో ఆటలు ఆడతాయా, ఆడవా? ఎవరో ఒకరు ఆడి చూడాలి. ఈ బురద ఇంకొకరికి అంటనివ్వను," అని మంత్రిగారు చొక్కా చేతులు మడిచారు.

కోటల ఆట పెట్టాను. తొమ్మిది కోటలు, కోటకొక కాపలా జంతువు. మంత్రిగారు నాలుగు గంటలు ఏకధాటిగా ఆడారు. భోజనం కూడా అక్కడికే తెప్పించుకుని రోటీ ఎడమచేత్తో తిన్నారు. ప్రజాసేవలో కుడిచెయ్యి ఖాళీ లేదు.

"తిరస్కరిస్తున్నాను. ఆటలు ఆడుతోంది," అన్నారు చివరికి.

"సార్, ఆటలకీ ప్లానులకీ ఒకటే కార్డు. ఆటలు రాని దాంట్లో ఈ పిల్లల చదువూ రాదు," అన్నాను.

"అప్పల్సామీ, నువ్వు సాంకేతికంగా మాట్లాడుతున్నావ్."

"నేను సాంకేతిక సలహాదారుణ్ణి సార్."

"అందుకే క్షమిస్తున్నాను. అది సరేగానీ, బొమ్మ మధ్య మధ్య ఆగిపోతోందేమిటయ్యా?"

"చవక కార్డు సార్. ఆ మాత్రం తడబడుతుంది."

మంత్రిగారు గంభీరంగా ఆలోచించారు. "ప్రమాదం ఇలా ఆగి ఆగి వస్తే దాని లోతెంతో ఎలా తెలుస్తుంది? ప్రమాదం పూర్తిస్థాయిలో ఉన్న కంప్యూటర్ ఒకటి తెప్పించండి. పక్కపక్కన పెట్టి పోల్చుదాం."

అలా ఆఫీసుకొచ్చింది ప్రమాద నమూనా. అంత గోడకి అంత తెర, లోపల ఎర్రదీపాలు, వెనక్కి వాలే కుర్చీ. ధర అడక్కండి. నేనే అమ్మాను. దేశం పిలిచినప్పుడు కాదనకూడదు.

ఏప్రిల్ నెలాఖరుకి మంత్రిగారు అయిదు కోటలు దాటారు. ప్రమాదం అధ్యయనంలో ఉందని చెప్పి రాజధాని సువాలో జరిగిన కేబినెట్ సమావేశాలు రెండు వదులుకున్నారు. కళ్ళు ఎర్రబడ్డాయి, బొటనవేలికి కట్టు కట్టారు. అంత కష్టపడే మంత్రిని నేను మళ్ళీ చూడలేదు.

అరియేతా ప్రతి శుక్రవారం వచ్చి విశ్వదేవ్‌గారి బల్ల ముందు నిలబడేది.

"కంప్యూటర్ తేలిందా సార్?"

"ప్రాసెస్ నడుస్తోందమ్మా."

"నడుస్తోందా సార్, కూర్చుందా?"

"అమ్మాయ్! నీ నోటికి సర్వే చెయ్యాలి ముందు!"

మే మొదటి శుక్రవారం లోపలి గదిలోంచి ఒక ఆక్రోశం వినబడింది. ఆరో కోట దగ్గర మూడు తలల పీత మంత్రిగారిని పదిహేడోసారి చంపింది. తలుపు తెరిచే ఉంది. అరియేతా తొంగిచూసి, "మధ్య తలమీద కొడితే ఎప్పటికీ చావదు సార్. కొండి పైకెత్తినప్పుడు కిందనుంచి దూరాలి," అంది.

మంత్రిగారు దూరారు. పీత చచ్చింది. ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. నేను స్వయంగా చూశాను.

"ఎవరమ్మా నువ్వు? ఎక్కడున్నావ్ ఇన్నాళ్ళూ?"

"బయట బెంచీ మీద సార్. మూడు నెలల్నుంచి."

అప్పటికప్పుడు ఉత్తర్వు వెలువడింది. కుమారి అరియేతాను జీతం లేని ప్రమాద పరిశోధకురాలిగా నియమించారు. పొద్దున్న తొమ్మిది నుంచి రెండు వరకు ప్రమాద నమూనా ఆమె అధీనంలో ఉంటుంది. రెండు నుంచి అయిదు వరకు మంత్రిగారికి శిక్షణ. ఆ పిల్ల తొమ్మిదింటికి కూర్చుని ప్లాను గీసేది. విశ్వదేవ్‌గారు అటు వెళ్తూ తెరమీద గీతలు చూసి, "ఇది ఎన్నో కోటమ్మా?" అని అడిగేవారు. "పదో కోట సార్," అనేది.

ఇంతలో వార్తాపత్రికలవాళ్ళు కంప్యూటర్లేవీ అని రాయడం మొదలుపెట్టారు. విశ్వదేవ్‌గారికి కాళ్ళూ చేతులూ ఆడలేదు. కమిటీకి కనీసం కొత్త బల్లైనా కొందామని మా వీధి చివర ఫర్నిచర్ షాపుకి వెళ్ళారు. అక్కడ ఒక చదువుబల్ల మీద, బల్ల అందంగా కనబడటానికి పెట్టిన లాప్‌టాప్ ఒకటి ఉంది. దాన్ని కూడా బల్లతో పాటు తెచ్చేశారు.

నేను చేత్తో ఎత్తి చూశాను. "సార్, ఇది అట్ట."

"అందుకే తేలిగ్గా ఉంది," అని ఆయన రాసుకున్నారు.

పరీక్ష సాంతం నిబంధనల ప్రకారమే జరిగింది. కోటల ఆట ఆడలేదు. పేకాట ఆడలేదు. పాటలు రాలేదు, సినిమా రాలేదు. వేడెక్కలేదు, వైరస్ పట్టలేదు, బల్లమీంచి పడేస్తే పగల్లేదు. ధర ఆరు డాలర్లు.

"మరి చదువు సంగతి సార్?" అన్నాను.

"ఆటలు రాకూడదన్నదే నిబంధన. చదువు రావాలని ఎక్కడుందో చూపించు," అని కాగితం నా ముందు పెట్టారు. నిజంగానే ఎక్కడా లేదు.

మంత్రిగారు అప్పుడు ఎనిమిదో కోటలో ఉన్నారు. తెరమీంచి తల తిప్పకుండానే, "ఆటలు రావుగా?" అని అడిగారు. రావన్నాం. ఎడమచేత్తో సంతకం పెట్టారు.

జూన్ పదిహేడున ఆవిష్కరణ సభ నిర్ణయమైంది. సభలో ఒక గొప్ప ఘట్టం ఉండాలని విశ్వదేవ్‌గారు పట్టుబట్టారు. "మంత్రిగారు వేదికమీద ప్రమాద నమూనాని సుత్తితో బద్దలు కొడతారు. ఫొటో మొదటి పేజీలో పడుతుంది!"

మాట బయటపడగానే అరియేతా మొహం పాలిపోయింది. ప్లానంతా అందులోనే ఉంది. ఇంకా రెండురోజుల గీత మిగిలింది. పెన్‌డ్రైవులో వేసుకెళ్ళినా దాన్ని తెరిచే కంప్యూటర్ ఈ ఊళ్ళో ఆ పిల్లకెవరిస్తారు? పీకలదాకా వచ్చిన మాట సలహాదారుణ్ణి కాబట్టి మింగాను.

ఆ పిల్ల మింగలేదు. తిన్నగా మంత్రిగారి దగ్గరికెళ్ళి, "సార్, సుత్తి పడితే మీ ఎనిమిది కోటలూ పోతాయి. మళ్ళీ మొదటి కోట దగ్గర కప్పనుంచి మొదలు," అంది.

మంత్రిగారు గుండె పట్టుకున్నారు. "కప్పనుంచా?"

"కప్పనుంచే."

"విశ్వదేవ్! నీకు మానవత్వం ఉందా?"

"మరి సభలో ఏం బద్దలు కొడదాం సార్?"

"ఏదో ఒకటి! లోపల ఏమీ లేనిది!"

నా కొట్లో ఖాళీ డబ్బా ఉంది, ఇచ్చాను. కానీ ప్రమాద నమూనా విలేకరుల కంట పడకూడదు. ఎక్కడ దాచాలి? దాన్ని బాధ్యతగల వ్యక్తి సంరక్షణలో, ప్రభుత్వానికి దూరంగా ఉంచడం మంచిదని అరియేతా సూచించింది. బాధ్యతగల వ్యక్తి ఎవరని మంత్రిగారు అడిగారు. ఆ పిల్ల నేలచూపులు చూసింది. మూడేళ్ళ సంరక్షణకి ఉత్తర్వు తయారైంది. నా వ్యానులోనే ద్రెకెతీ చేర్చాం. వాళ్ళమ్మ ఎర్రదీపాలు చూసి, "ఇదేం పొయ్యే?" అంది.

సభ దివ్యంగా జరిగింది. మంత్రిగారు ఒక్క దెబ్బకి ఖాళీ డబ్బాని అప్పడం చేశారు. జనం చప్పట్లు కొట్టారు. పన్నెండుమందికీ రంగుకాగితం చుట్టిన పెట్టెలు పంచారు. పెట్టెలు ఎంత తేలిగ్గా ఉన్నాయో అని పెద్దవాళ్ళు మురిసిపోయారు.

జూన్ ఇరవైన అరియేతా ప్లాను ఇచ్చింది. మిగిలిన పదకొండుమందీ పెట్టెలు విప్పాక సంగతి తెలిసి, వంతులవారీగా ద్రెకెతీ బస్సెక్కుతున్నారు. వారం మధ్యలో చదువు, శని ఆదివారాలు కోటలు. వాళ్ళమ్మ అందరికీ కర్రపెండలం ఉడకేస్తోంది. మనసు ఎంత తేలికపడిందో చెప్పలేను.

జూలైలో నాకు ఆఫీసునుంచి ఫోనొచ్చింది. మంత్రిగారి కంప్యూటర్ పనిచెయ్యడం లేదట, వెంటనే రమ్మన్నారు. వెళ్ళేసరికి ఆయన, దేశానికి ఆదర్శంగా ఉండాలని, కమిటీ ఎంపిక చేసిన కంప్యూటర్‌నే తన బల్లమీద పెట్టుకుని ఉన్నారు. తెరమీద కొండలూ సరస్సూ అచ్చువేసి ఉన్నాయి.

"పొద్దుట్నుంచీ ఈ కొండలే అప్పల్సామీ. నా తొమ్మిదో కోట ఇందులోకి ఎక్కించవయ్యా."

"సార్, ఇందులో ఆటలు రావు."

"ఒక్కటి కూడానా?"

"ఒక్కటి కూడా."

మంత్రిగారు కొండల మీద వేలితో రెండుసార్లు తట్టి చూశారు. తర్వాత ఆయన మొహం వెలిగిపోయింది. లేచి నన్ను కావలించుకున్నారు. "అయితే సాధించాం! విశ్వదేవ్! ఇది పిల్లలకి మాత్రమే ఎందుకు? ఆఫీసుల్లో ఉద్యోగులు ఆటలాడటం లేదా? లంబాసాలో అన్ని ప్రభుత్వ కార్యాలయాల్లోనూ పాతవి తీయించి ఇవే పెట్టించండి!"

నెల తిరక్కుండా పెట్టించారు. మరమ్మతుల కాంట్రాక్టు నాకే ఇచ్చారు.

డిసెంబర్లో అరియేతా క్లాసులో రెండో స్థానంలో పాసయింది. ఫిబ్రవరిలో భూముల కార్యాలయంలో ఉద్యోగం వచ్చింది. వాళ్ళమ్మ మార్కెట్లో ఆ రోజు పెండలం కుప్పకి రెండు దుంపలు ఎక్కువ వేసింది. పిల్ల మొదటిరోజు మధ్యాహ్నం ఫోన్ చేసింది. గొంతు తగ్గించి మాట్లాడుతోంది.

"అంకుల్, నా బల్లమీద కొండలూ సరస్సూ ఉన్నాయి."

"తెలుసమ్మా. నేనే పెట్టాను. పక్కవాళ్ళేం చేస్తున్నారు?"

"దించిన తల ఎత్తకుండా అట్టమీదే టకటకా కొడుతున్నారు. పెద్దాయన్ని అడిగాను. ఇవొచ్చి ఏడు నెలలైందట అంకుల్. ఇంతవరకు పని ఆగిపోయిందని ఒక్కరు కూడా అనలేదట."