సున్నం గీతల కాలేజీ

ఆ ఆదివారం ముత్తమ్మ పెట్టుకున్న పని చిన్నదే. పొద్దున్నే లేచి, వాకిలి ఊడ్చి, సంచెడు సున్నప్పొడితో నర్సమ్మ సాగు లేని పడావు భూమిలో ఒక ఇంజినీరింగ్ కాలేజీ గీయాలి. ఎండెక్కేలోగా అందులో ఇంగ్లీషు మాట్లాడుతూ నడవాలి.

ముత్తమ్మది షామీర్‌పేట. కండ్లకోయలో ఒక ఇంజినీరింగ్ కాలేజీలో పదకొండేళ్లుగా అటెండరు. ఆ పదకొండేళ్లూ నిలబడే ఉంది. రిసెప్షన్‌లో కూర్చునే అమ్మాయి ఉద్యోగం మానేసినప్పుడు ముత్తమ్మ నేరుగా ప్రిన్సిపాల్ మనోరమ గదిలోకి వెళ్లి, ఆ కుర్చీ తనకిమ్మని అడిగింది. మనోరమ నవ్వలేదు. పన్నెండు ఇంగ్లీషు వాక్యాలు కాగితం మీద తెలుగు అక్షరాల్లో రాసిచ్చింది.

"వచ్చే సోమవారం కాదు, ఆపై సోమవారం ఢిల్లీ నుంచి తనిఖీకి వస్తున్నారు. గేటు నుంచి లైబ్రరీ దాకా ఇంగ్లీషులో దారి చెబుతూ నువ్వే తీసుకురావాలి. తీసుకొస్తే కుర్చీ నీది."

కాగితంలోని పెద్ద మాటలతో పేచీ లేదు. గేటు, రోడ్డు, గ్రౌండు, క్యాంటీను ఆమె రోజూ ఊడ్చేవే. ప్రాణం తీసేవి చిన్న మాటలు. మనకు ముందు చెట్టు వస్తుంది, తర్వాత కింద వస్తుంది. ఇంగ్లీషువాళ్లు ముందు కింద అనేసి, ఆ తర్వాత చెట్టు తెస్తారు. చెట్టు లేకుండానే కింద ఎలా కూర్చుంటారో ముత్తమ్మకు మూడు రోజులు అంతుపట్టలేదు. పైగా రోడ్డు వెంట వెళ్లడానికి ఒక మాట, రోడ్డు దాటడానికి ఇంకో మాట.

నాలుగో రోజు ఆమెకు ఒక సంగతి తోచింది. పదకొండేళ్లలో కాలేజీని నేర్చుకున్నది తన కాళ్లు. ఇంగ్లీషు కూడా కాళ్లకే చెప్పాలి. ఆదివారం నాడు కాలేజీలో అడుగుపెట్టనివ్వరు కాబట్టి కాలేజీనే ఇక్కడికి తెచ్చుకోవాలి.

ఇంటి వెనక నర్సమ్మ అనే ముసలావిడకు అరెకరం భూమి ఉంది. ముల్లు తప్ప మొక్క మొలవని నేల. అడిగితే, "గీసుకో బిడ్డా, రాళ్లకేం నొప్పి?" అంది. గీస్తూ పోతే అరెకరం చాలలేదు. రోడ్డు పక్కవాళ్ల మెట్ట చెలకలు మూడు దాటింది, లైబ్రరీ నాలుగో చెలకలో పడింది.

ఇక్కడొక మాట చెప్పాలి. అది రెండువేల ఐదో సంవత్సరం. హైదరాబాద్ చుట్టూ వేస్తామంటున్న రింగు రోడ్డు ఎటు నుంచి పోతుందో ఎవరికీ తెలియదు, తెలియదని ఒప్పుకునేవాడూ లేడు. ఆ రోజుల్లో ఆ చుట్టుపక్కల నేల మీద తెల్లగీత కనబడిందంటే అది రోడ్డు సర్వేనే అనుకుని, పొయ్యి మీద పాలు వదిలేసి పరుగెత్తేవారు.

ముందుగా చూసినవాడు టీ బండి ఇస్తారి.

"ఏందక్కా గీ గీతలు?"

"ఇది రోడ్డు. గిది గేటు," అంది ముత్తమ్మ నడుము ఎత్తకుండానే. "రేపు గాదు, పై సోమవారం ఢిల్లీ సార్లొస్తరు. ఆళ్లను గీడికెల్లి తీస్కపోవాలె."

అబద్ధం ఒక్క ముక్క కూడా లేదు. ఇస్తారి చేతిలోని గ్లాసు జారింది. సాయంత్రానికి ఊళ్లో ఆ వార్త తెలియనివి పసిపిల్లలూ బర్రెలే.

మర్నాడు జనార్ధన్ సుమో దిగాడు. తాతల నాటి భూములున్నవాడు, ఇప్పుడు భూములు కొని అమ్మడమే పని. అరెకరం కొనుక్కోమని నర్సమ్మ నాలుగేళ్లు తిరిగితే, "రాళ్లు నా దగ్గర మస్తున్నయ్ అవ్వా," అని పంపేసిన మనిషి. ఇప్పుడు ఆమె గడపలో చెప్పులు విప్పాడు.

"అవ్వా, గా గీతలేంది?"

"అంత ఇంగ్లీషుల ఉన్నది బిడ్డా. నాకేం ఎరుక?" అంది నర్సమ్మ ఆకు నములుతూ.

అతను గీతల దగ్గరికి వచ్చాడు. ముత్తమ్మ సున్నం గేటులోంచి దూరి, "త్రూ ది గేట్" అంటోంది. గీత వెంట నడుస్తూ "అలాంగ్ ది రోడ్". గీత దాటుతూ "అక్రాస్ ది గ్రౌండ్".

"నిజం చెప్పు ముత్తమ్మా."

"ఇంగ్లీషు నేర్సుకుంటున్న పటేలా."

జనార్ధన్ కన్ను గీటాడు. "సమజైంది. చెప్పొద్దన్నరా?"

అక్కడి నుంచి ఊరు ఆగలేదు. చెట్లుంటే నష్టపరిహారం ఎక్కువ ఇస్తారని ఒక చెలకలో రాత్రికి రాత్రి మామిడి మొక్కలు లేచాయి. రోడ్డు పక్కకు తిరగాలని మొక్కుకుని, నాలుగో చెలక వజ్రమ్మ ఒక రాయికి పసుపు పూసి సరిగ్గా లైబ్రరీలో నిలబెట్టింది. ఇస్తారి బేరం కలిసొస్తుందని బండిని క్యాంటీన్ చోటికే తెచ్చాడు. అందుకు మాత్రం ముత్తమ్మ మనసులోనే దండం పెట్టుకుంది. నిజం బండి ఉంటే కాళ్లకు ఇంకా బాగా తెలుస్తుంది.

పొద్దున గంట, సాయంత్రం గంట ఆమె నడిచేది. వెనకాల నలభై మంది నడిచేవారు. ఎక్కడ తిరిగితే అక్కడ తిరిగి, ఏమంటే అది గొణిగేవారు. జనార్ధన్ ఆ పన్నెండు వాక్యాలూ రాసుకుపోయి మేడ్చల్‌లో చదువుకున్నాయన చేత అర్థం చెప్పించుకున్నాడు. రోడ్డుంది, గ్రౌండుంది, రెండు బ్లాకుల నడుమ దారి ఉంది, ఆఖరున లైబ్రరీ ఉంది అని తేలింది.

"లైబ్రరంటే సర్కారుదే!" అన్నాడు జనార్ధన్. శనివారం నాడు నర్సమ్మ అరెకరం, నాలుగేళ్ల కింద ఆమె అడిగిన ధరకు మూడింతలిచ్చి రిజిస్ట్రేషన్ చేయించుకున్నాడు.

ముత్తమ్మకు ఇదేమీ పట్టలేదు. ఆమె పరేషాన్ అంతా క్యాంటీన్ వెనక లైబ్రరీకి తిరిగే ఆఖరి మలుపులో ఉంది. క్యాంటీన్ కంటబడగానే తెలుగు తోసుకొచ్చేది. నోరు "క్యాంటీన్ బిహైండ్" అనేది. నెత్తి కొట్టుకుని, "బిహైండ్ ది క్యాంటీన్" అని తిట్టినట్టుగా అని, మళ్లీ గేటు దగ్గరి నుంచి మొదలుపెట్టేది. అలా ఎన్ని వందలసార్లో లెక్క లేదు. ఉడుంపట్టంటే అదే.

సోమవారం పొద్దున ఇస్త్రీ చీర కట్టుకుని తలుపు తీస్తే వాకిట్లో నలభై మంది!

"ఢిల్లీ సార్లొచ్చేది ఇయ్యాల్నే గదా? మా చెలక సంగతేంది?"

"నన్ను పోనియ్యిండ్రి! బస్సు పోతాంది!"

పోనే పోయింది. కాలేజీ బస్సు వెనకభాగం మలుపు తిరుగుతుంటే ముత్తమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "నా కుర్చీ పాయె," అంది. ఏ కుర్చీయో ఎవరికీ తెలియలేదు. జనార్ధన్ మాత్రం సుమో తలుపు తీశాడు.

"ఎక్కు. సార్లున్న కాడికి జల్దీ తీస్కపోత." వెనక రెండు ట్రాలీ ఆటోలు బయల్దేరాయి.

కండ్లకోయ చేరేసరికి ముగ్గురు ఢిల్లీ సార్లు అప్పుడే కారు దిగుతున్నారు. సుమో, ఆటోలు, పూలదండలు, తలపాగాలు చూసి మనోరమ ముఖం పాలిపోయింది. ముత్తమ్మ తన కాళ్ల వైపు చూసుకుంది. ఆ కాళ్లకు దారి తెలుసని గుర్తొచ్చింది. కొంగు దోపుకుని ముందుకొచ్చింది.

"గుడ్ మార్నింగ్ సర్. ప్లీజ్ కమ్ త్రూ ది గేట్."

ముందు ముత్తమ్మ, ఆమె వెనక సార్లు, వాళ్ల వెనక ఊరు. రోడ్డు వెంట. గ్రౌండు దాటి. జనార్ధన్ నడక నెమ్మదించింది. ఆమె నోరు విప్పకముందే తన కాళ్లు మలుపు తిరుగుతున్నాయి. రెండు బ్లాకుల నడుమకు వచ్చేసరికి అతని నుదుటి మీద చెమట.

క్యాంటీన్ కనిపించింది. ముత్తమ్మ ఆగిపోయింది. తెలుగు తోసుకొస్తోంది, ఇంగ్లీషు రానంటోంది. ఒక సారు గడియారం చూసుకున్నాడు. మనోరమ కళ్లు మూసుకుంది.

"బిహైండ్ ది క్యాంటీన్!" అని వెనక నుంచి నలభై గొంతులు లేచాయి. అన్నిటికన్నా పెద్దది ఇస్తారిది.

పెద్ద సారు ఉలిక్కిపడి వెనక్కి తిరిగాడు. వీళ్లెవరని ఇంగ్లీషులో అడిగాడు.

"మై క్లాస్, సర్," అంది ముత్తమ్మ.

చుట్టుపక్కల రైతులకు కూడా ఇంగ్లీషు నేర్పుతున్న కాలేజీ అని పెద్ద సారు పుస్తకంలో రాసుకున్నాడు. మనోరమ ఆ పేజీ వైపు చూసి తలూపింది. మధ్యాహ్నం భోజనాలయ్యాక ముత్తమ్మను తనే తీసుకెళ్లి ఫ్యాన్ కింద కుర్చీలో కూర్చోబెట్టింది. ముత్తమ్మ రెండు చేతులూ బల్ల మీద ఆనించి చాలాసేపు కదలకుండా ఉంది. లేస్తే ఇంకెవరైనా కూర్చుంటారేమోనని భయం.

లైబ్రరీ మెట్ల మీద కూలబడ్డ జనార్ధన్ ఆమె దగ్గరికొచ్చి, "మరి రోడ్డు?" అన్నాడు.

"ఇదే పటేలా. నేర్సుకుంటున్న అని చెప్పిన గదా."

సాయంత్రం నర్సమ్మ ఇంటి ముందే కాచుకుని ఉంది.

"కూసున్నవా బిడ్డా?"

"కూసున్ననవ్వా," అంది ముత్తమ్మ. అంటూనే ఏడ్చేసింది. నర్సమ్మ ఆమె తల నిమిరి, కాసేపు ఆకు నమిలి, గొంతు తగ్గించింది.

"గుట్ట పక్కన నాకింకో ఎకరం పడావున్నది. ఇంకేమన్న నేర్సుకునేదుందా?"